బాష్ లేని మిషన్

నేను చేయని తప్పును నా పేరు మీద కాగితంలో ఎక్కించారు.

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ రిపోర్టులు తీసే షెల్ స్క్రిప్టు నాది. షెల్ అంటే మనం రాసిన కమాండ్లను కంప్యూటర్లో చదివి నడిపేది. ఏ కాలేజీ గడపా తొక్కకుండా మాన్యువల్ చదివి నేర్చుకున్నవాణ్ణి. అక్కడి యూనిక్స్ మిషన్లు, అదే కంప్యూటర్లు, తలో కంపెనీవి. అందుకే అన్నిటిలోనూ నడిచే సాదా కమాండ్లతోనే రాశాను. నేను రిటైరయ్యాక వచ్చిన ఇంజనీరుగారికి అది నచ్చలేదు. బాష్ అనే కొత్త షెల్లుకే అర్థమయ్యే లైన్లు చేర్చి, తన లాప్‌టాప్‌లో నడిపి మురిసిపోయాడు. కానీ రిపోర్టులు వాటంతటవే వచ్చేది మందు ఆరబెట్టే డ్రయ్యర్ పక్కనున్న పాత మిషన్లో; దాన్లో బాష్ లేదు. పాపం, ఆయనకెలా తెలుస్తుంది? దసరాకు కుంకుమబొట్టు పెట్టడానికి తప్ప దాన్నెవరూ ముట్టుకోరు మరి! రిపోర్టులు ఆగిపోయాయి. "పెద్దాయన పాత స్క్రిప్టు వల్ల" అని మేనేజరు పై ఆఫీసుకు రాశాడు.

సంగతి తెలిసి, నా పాత కాపీ పట్టుకెళ్లి అదే మిషన్లో నడిపించాను. రిపోర్టు గడగడా వచ్చేసింది.

"చూసిన్రు గదా సారూ, ఇగ నా పేరు తీసెయ్యుండ్రి" అన్నాను.

మేనేజరు నాకు ఛాయ్ తెప్పించి, నింపాదిగా జవాబిచ్చాడు: "మీ స్క్రిప్టు బరాబర్ ఉంది పెద్దసారూ, తప్పు మావోడిదే. కానీ వాడు ఇంకా నౌకరి జెయ్యాలె గదా! మీరెట్లాగూ రిటైరైన్రు, మీ పేరే ఉండనియ్యుండ్రి."