అరగంట ముందు

వీరరాఘవరావు గారు జీవితంలో ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. ఆయన మీద నా కోపమంతా అక్కడే మొదలవుతుంది.

నారాయణగూడ క్లినిక్‌లో ఇరవై రెండేళ్లుగా రోగుల పేర్లు రాసుకునే గుమస్తా ఆయన. ఇంట్లో గోడ గడియారం, చేతి వాచీ, చివరికి క్లినిక్ కంప్యూటర్‌లో టైమూ అరగంట ముందుకు తిప్పి పెట్టుకునేవారు. నేను వెళ్లినప్పుడల్లా సరిచేసేదాన్ని. "తేజస్వీ, నువ్వు గుమ్మం దాటగానే మళ్లీ మార్చేస్తానమ్మా, నీకెందుకు శ్రమ?" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, బుద్ధి లేక.

ఒకే డాక్టరుగారివి మూడు క్లినిక్‌లు. మిగతా రెండూ చిక్కడపల్లిలో, అశోక్‌నగర్‌లో. వాటికి సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. అన్నిటికీ పెద్ద కంప్యూటరంటూ లేదు. కంప్యూటర్‌లో ఉండే ప్రతి రోగి కార్డుకూ మూడు చోట్లా మూడు నకళ్లు. నెట్ పోతే ఎవరి రాత వాళ్లది. రాగానే మూడూ సరిచూసుకుంటాయి. ఒకే కార్డును రెండు చోట్ల మార్చి ఉంటే, టైము తర్వాతదైన కార్డు నిలుస్తుంది, రెండోది పోతుంది. ఆ టైము నిజమేనా అని అడగాలని నాకు తోచలేదు.

జులైలో ఒక ఉదయం కురుమమ్మ, ఆమె భర్త ఆశన్న నారాయణగూడకు వచ్చారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇటుకలు మోసుకునే మనుషులు. కవాడిగూడ నుంచి రాంనగర్ బస్తీకి మారామంటే రావుగారు కార్డులో అడ్రసు మార్చారు. అప్పుడు పది గంటలు. ఆయన కంప్యూటర్‌లో పదిన్నర. నెట్ లేదు. డాక్టరు చిక్కడపల్లిలో ఉన్నారని చెప్పి, పాపం, ఆటో కూడా ఆయనే మాట్లాడి పంపారు.

అక్కడ నర్సు నర్మద పది ఇరవైకి కురుమమ్మ కార్డులో రాసింది, ఫలానా సూదిమందు ఈమెకు పడదని. ఊళ్లో ఒకసారి అది వేస్తే ఊపిరాడక చావు తప్పిందట.

మధ్యాహ్నం నెట్ వచ్చింది. పదిన్నర గెలిచింది. నర్మద రాసిన ముక్క పోయింది.

మూడు వారాల తర్వాత జ్వరంతో మాట కూడా రాని కురుమమ్మను ఆశన్న అశోక్‌నగర్ తీసుకెళ్లాడు. కార్డులో రాశారు కదా అని అతను నోరు విప్పలేదు. కార్డులో ఏమీ లేదు కాబట్టి వాళ్లు ఆ సూదే వేశారు. మధ్యాహ్నం దాకా కూడా ఆమె బతకలేదు.

జరిగిందేమిటో మర్నాడు నేనే వెతికి పట్టుకున్నాను, రావుగారికి నేనే చెప్పాను. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ రెండు కార్డులూ దాచి, ఏది ఉంచాలని మనిషిని అడుగుతుంది. ఎవరికి కావాలి? సిగ్గుగా ఉంది నాకు.

పదకొండో రోజు దాటాక కురుమమ్మ వైద్యం కాగితాల కోసం ఆశన్న నారాయణగూడ వచ్చాడు. గొంతు పెంచలేదు.

"సూది పడదని మేం చెప్పినం సారూ. నర్సమ్మ రాసింది, నా కండ్లతోని సూసిన."

రావుగారు లేచి నిలబడ్డారు. "రాసింది నాయనా. అది నా చేతి మీదుగానే చెరిగిపోయింది."



"ఎందుకు చెరిపిన్రు సారూ? మేమేం జేసినం మీకు?"