మడిలో జ్వరం

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో నేను తెనాలిలో, కొల్లిపర రోడ్డు మీద ఉన్న ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా చేస్తున్నాను. మా ఊరు రేపల్లె. బస్సులు ఆగిపోయాక ఇంటికి వెళ్ళడం మానేసి అక్కడే ఉండిపోయాను. పెద్దవాళ్ళలో ఎవరు దగ్గినా గుండె గుభేలుమనేది. అన్నం తింటూ పొలమారి దగ్గినా సరే, పరుగెత్తుకెళ్ళి నుదురు తాకి చూసేదాన్ని.

అక్కడ నాకు కొరకరాని కొయ్య ఒక్కరే, చివరి గదిలో ఉండే మామ్మగారు. బాపట్లలో టీచరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంటారు గానీ, మడి దగ్గర మాత్రం ఎవరి మాటా వినరు. పొద్దున స్నానం అయ్యాక ఎవరి చెయ్యి తగిలినా మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోవలసిందే. మొదట్లో నవ్వి ఊరుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ విడిచిన పక్కబట్టలు తియ్యడానికి పనికొచ్చే నా చేతులు మంచినీళ్ళు అందించడానికి పనికిరావా అని వంటామె దగ్గర సణిగేదాన్ని.

ఒక ఉదయం మామ్మగారికి జ్వరం తగిలింది. పరీక్షలో కరోనా అని తేలింది. మేనేజరు గారు మిగతావాళ్ళందరినీ ముందు హాల్లోకి మార్చి, ఆవిడ బాధ్యత నాకొక్కదానికే అప్పగించారు. వేలికి మిషను పెట్టి మాటిమాటికీ ఆక్సిజన్ చూస్తుండాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. నేను మిషను పెట్టి చూసి గది దాటానో లేదో, బాత్రూములోంచి చెంబు చప్పుడు. తలుపు తోసి చూస్తే, ఒళ్ళు కాలిపోతున్న మనిషి చన్నీళ్ళు తలమీద గుమ్మరించుకుంటున్నారు. ఒక చేత్తో గోడ పట్టుకుని గజగజ వణుకుతున్నారు.

"ఇలా అయితే ప్రాణం మీదికొస్తుందండీ మామ్మగారూ!" అని అరిచాను.

"పోతే మడితోనే పోతాను. నువ్వు ముట్టుకోకపోతే ఈ నీళ్ళెందుకు పోసుకుంటానే?" అన్నారు పళ్ళు టకటకలాడుతుండగా.

చూడకపోతే ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో తెలియదు. చూస్తే స్నానం. ఆవిడ ప్రాణం తీసేది జ్వరమో నా చెయ్యో తెలియక నాకు అన్నం సహించలేదు. బాత్రూము కుళాయి కట్టేయిస్తే, తాగడానికి పెట్టిన బిందెలో నీళ్ళు ఎత్తి పోసుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. పూజకు కట్టుకునే పట్టుచీరను మామ్మగారు రోజూ తడపరు. పట్టుకు మైల అంటదట. జాకెట్టు కోసమని నా పెట్టెలో దాచుకున్న పట్టుముక్క ఒకటి ఉంది. దాన్ని చేతికి తొడుక్కునే సంచీలా కుట్టి, గ్లౌజు మీద వేసుకుని వెళ్ళాను.

మామ్మగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. "ఏంటది? అసలు పట్టేనా?"

"అసలుదేనండి. మా పిన్ని చీరాల నుంచి తెచ్చింది."

కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వేలు చాపారు. నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

ఆ సంచీతోనే నాలుగైదు రోజులు నెట్టుకొచ్చాను. ఒక మధ్యాహ్నం ఆవిడ ఊపిరి చప్పుడు మారింది. పక్క గదిలోంచే వినిపించింది. కంగారులో సంచీ సంగతి మరిచిపోయి, గ్లౌజు చేత్తోనే మణికట్టు పట్టుకున్నాను. పట్టుకున్నాక గానీ తెలియలేదు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. మామ్మగారు నావంక ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నారు. ఒక్క మాట లేదు. నీళ్ళ ఊసు లేదు. మిషనులో అంకె తొంభైకి దిగువనే ఉంది, కానీ అంతకన్నా ఆవిడ ఊరుకోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మేనేజరు గారు తెనాలిలో, బాపట్లలో, గుంటూరులో తెలిసిన ఆసుపత్రులన్నిటికీ ఫోన్లు చేశారు. ఎక్కడా మంచం ఖాళీ లేదు. ఎలాగో ఒక ఆక్సిజన్ సిలిండరు మాత్రం దొరికింది, అయిపోయినప్పుడల్లా నింపించి తెచ్చేవారు. బోర్లా పడుకోబెట్టమని డాక్టరు గారు ఫోనులో చెప్పారు. రెండు చేతులతో ఎత్తి తిప్పాను, ఛాతీ కింద దిండ్లు సర్దాను, వీపు నిమిరాను. ఎముకలు చేతికి తగులుతున్నాయి. చెంచాతో గంజి తాగిస్తే, ఎవరు కాచారని అడగకుండా మింగారు. ముట్టుకోనివ్వండి అని ఇన్నాళ్ళూ పోట్లాడినదాన్ని, ఇప్పుడు ఆవిడ చెవి దగ్గర కూర్చుని, "మామ్మగారూ, ఒక్కసారి తిట్టండి" అని బతిమాలాను.

తిట్టలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా చాలా రోజులు తిట్టలేదు. మిషనులో అంకె కాస్త ఎక్కేది, మళ్ళీ దిగేది. నేను దాన్ని నమ్మడం మానేశాను.

ఒక ఉదయం దిండు సర్దుదామని వంగాను. ఆక్సిజన్ మాస్కు కింద ఆవిడ పెదవులు కదిలాయి. ఏమన్నారో వినిపించక నా చెవి దగ్గరగా పెట్టాను.

"దూరం. దూరంగా నిలబడు. ఒళ్ళంతా ముట్టేశావు. నీళ్ళు పెట్టు."

వంటింట్లోకి పరుగెత్తాను. ఉన్నవాటిలోకి పెద్ద గిన్నె తీసి పొయ్యి మీద పెట్టి, నీళ్ళు నింపుతూ భోరున ఏడ్చేశాను. వంటామె చేతిలో గరిటె వదిలేసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"పోయారా అమ్మా?"

"లేదక్కా," అన్నాను. "స్నానం చేస్తారట."