మా నాన్న నాకు హేండిలు కొట్టడం నేర్పిన రోజు

నా చిన్నప్పుడు బస్సులు తాళం తిప్పితే కదిలేవి కావు. ముందువైపు కంతలో వంకర ఇనుప హేండిలు దూర్చి, నడుం వంచి బలంగా తిప్పితే అప్పుడు ఇంజను అందుకునేది. ఆ పని క్లీనరుది. మా నాన్న జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా బెజవాడ పోయే బస్సుకి డ్రైవరు. డ్రైవరంటే ఆ రోజుల్లో మా పేటలో చిన్న హోదా కాదు. స్టాండులో కుర్రాళ్ళు ఆయన్ని చూస్తే బీడీ వెనక్కి దాచేవాళ్ళు. ఆయన కూడా అందుకు తగ్గట్టే బిగదీసుకుని ఉండేవాడు. హేండిలు తప్పుగా పట్టాడని ఒక క్లీనర్ని అందరి ముందూ తిట్టిపోసి బండి దింపేశాడు. ఆ సంగతి స్టాండులో చాలా రోజులు చెప్పుకున్నారు.

అది జరిగిన కొన్నాళ్ళకే, చలికాలం ఒక ఉదయం, బస్సు తీయడానికి వెళ్ళిన నాన్న కాసేపటికే నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించుకున్నాడు. ఏమైందని అమ్మ అడిగితే, మంచుకి తడిసిన అరుగు మీద కాలు జారి, అరచెయ్యి ఆనించి పడ్డానన్నాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

చూడ్డానికి అది పెద్ద దెబ్బలా లేదు. చెయ్యి ఆనించి పడి విరగ్గొట్టుకున్న వాళ్ళని నేనూ చూశాను. మణికట్టు వెనక ఎత్తుగా లేచి, చూడగానే తెలిసిపోయేది. నాన్న చెయ్యి తిన్నగానే ఉంది. బొటనవేలి మొదట్లో మాత్రం కాస్త ఉబ్బింది. వచ్చినవాళ్ళందరూ బెణుకన్నారు. మా వీధి చివర మాలిష్ చేసే తాత ఉండేవాడు. ఆయన చేతికి లొంగని బెణుకు పేటలో లేదు. సాయంత్రం వస్తానని, నూనె పెట్టి తోమి ఒక్క లాగు లాగితే సర్దుకుంటుందని కబురు పంపాడు.

మధ్యాహ్నం బస్సు యజమాని దగ్గర్నుంచి మనిషి వచ్చాడు. రేపు బండి తీయగలడా, లేకపోతే ఇంకో డ్రైవర్ని చూసుకోవాలా అని అడిగాడు. తీస్తానని నాన్న దర్జాగానే చెప్పాడు. ఆ మనిషి గడప దాటగానే నాన్న దాహమేసి కుడిచేత్తో నీళ్ళ చెంబు అందుకోబోయాడు. చెంబు చేతిలోంచి జారి నేల మీద పడింది. నీళ్ళ చెంబు నిలవని చేతిలో స్టీరింగు ఏం నిలుస్తుంది? మా ఇంటిల్లిపాదీ ఆ చేతి మీదే బతుకుతున్నాం. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ భయపడటం నేను అంతకుముందు చూడలేదు.

అమ్మ చెంగు నడుముకి దోపి, తాత వచ్చేలోపు డాక్టరు గారికి చూపిద్దాం పదండి అంది. నాన్న ససేమిరా అన్నాడు. బెణుక్కి డాక్టరేంటి, నలుగురూ నవ్విపోతారన్నాడు. "మీరు రాకపోతే ఆయన్నే ఇక్కడికి పిలుచుకొస్తా. వీధంతా చూస్తది, మీ ఇష్టం," అంది అమ్మ. అప్పుడు గానీ లేవలేదు. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. వెనకే వెళ్ళాను.

మా పేట డాక్టరు గారు ముసలాయన, మాట పొదుపు. ఎక్స్‌రే మిషను కావాలంటే బెజవాడ పోవాల్సిందే. ఆయన నాన్న రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశారు. అరచేతులు వెలుతురుకి తిప్పించారు. తర్వాత బొటనవేలి మొదట్లో, మణికట్టు ఎముక చివర, ఒక్క వేలితో మెల్లగా నొక్కారు. నాన్న పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు గానీ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"ఎలా పడ్డావయ్యా?"

"కాలు జారిందండి. చెయ్యి ఆనించా."

"అరచెయ్యి గీసుకుపోలేదే."

"అదృష్టమండి."

డాక్టరు గారు ఇంకేమీ అడగలేదు. బయట పొద్దు వాలుతోంది. తాత ఈపాటికి మా అరుగు మీద కూర్చుని ఉంటాడు. వెళ్ళొస్తామండీ అని నాన్న లేవబోయాడు. అమ్మ నన్ను దగ్గరకి లాక్కుని గట్టిగా పట్టుకుంది. అప్పుడు డాక్టరు గారు మందులు నూరే చిన్న రోకలి తీసి నా చేతిలో పెట్టారు. మీ అమ్మాయికి హేండిలు కొట్టడం నేర్పవయ్యా, నేనూ చూస్తాను, నాకూ రాదు అన్నారు. నాన్న బిత్తరపోయాడు. ఆడపిల్లకి ఎందుకండీ అని గొణిగాడు. ఆయన మాత్రం కళ్ళద్దాలు సవరించుకుని బడిపిల్లాడిలా కూర్చున్నారు.

నేను రోకలిని పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. పిల్లలు ఏది పట్టుకున్నా అలాగే పట్టుకుంటారు కదా. అది చూడగానే నాన్న లోపలి డ్రైవరు లేచాడు. ఎడమచేత్తో నా బొటనవేలు పట్టి ఇవతలికి లాగేశాడు.

"అట్టా చుట్టగూడదమ్మా. బొటనవేలు కూడా ఈ వేళ్ళ పక్కనే ఉండాల. ఇంజను ఎదురు తన్ని హేండిలు వెనక్కి తిరిగిందనుకో, వేళ్ళన్నీ ఒకవైపునుంటే హేండిలు జారిపోద్ది. చుట్టి పట్టావంటే చెయ్యి ఊడిరాదు, దెబ్బంతా వచ్చి ఇక్కడే..."

ఇక్కడే అంటూ తన కుడి మణికట్టు చూపించాడు. బొటనవేలి మొదట్లో, సరిగ్గా ఆ ఉబ్బిన చోటే. మాట అక్కడ ఆగిపోయింది. నాన్న తల వంచుకున్నాడు. అంతటి మనిషి నా ఎదురుగా అలా తల వంచుకోవడం నేను చూడలేకపోయాను, ఏడుపొచ్చేసింది.

"కొత్త క్లీనరు రాలేదండీ ఇయ్యాల," అన్నాడు చివరికి. "టైమైపోతోందని నేనే దిగా. చలికి వేళ్ళు కొంకర్లు పోయినయ్యి. ఎట్టా పట్టానో చూసుకోలా."

ఇదే తప్పుకి ఒకణ్ణి బండి దింపినవాడు ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? డాక్టరు గారు నవ్వలేదు, ముందే చెప్పొచ్చు కదా అని దెప్పలేదు. పడితే విరిగే తీరు వేరు, హేండిలు తన్నితే విరిగే తీరు వేరు అని నెమ్మదిగా వివరించారు. మణికట్టు కీలు లోపల ఎముక నున్నటి గిన్నెలా ఉంటుందట. హేండిలు దెబ్బకి ఆ గిన్నె అంచు బొటనవేలి వైపు చీలుతుంది. ఇలాంటివి తక్కువ, పైకి వంకర కనపడదు, అందుకే బెణుకనుకుని తోముతారు. లాగితే చీలిన ముక్క పక్కకి జరిగి, గిన్నె ఎగుడుదిగుడుగా అతుక్కుంటుంది. ఇక ఆ చెయ్యి జన్మలో సరిగా తిరగదు. రెండు చెక్కముక్కలు పెట్టి గుడ్డ చుట్టేముందు, తనకి అనుమానమున్న చోట నాన్న చర్మం మీద కలంతో గీత గీశారు. బెజవాడలో చేతిని బల్ల మీద పరిచి పైనుంచి ఎక్స్‌రే ఫోటో తీయమని చెప్పు, పక్కనుంచి తీస్తే దొరక్కపోవచ్చు అన్నారు.

ఇంటికి వచ్చేసరికి తాత అరుగు మీద నూనెగిన్నె పక్కన పెట్టుకుని ఉన్నాడు. నాన్న వీధిలోనే నిలబడి, నలుగురూ వింటుండగా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అది ఎంత కష్టమో అప్పుడు నాకు తెలియలేదు. తాత కూర్చున్నచోటే నీరుకారిపోయాడు. "చెప్పకపోతే నా చేత్తోనే నీ చెయ్యి పాడుచేసేవాణ్ణి గదరా," అన్నాడు.

బెజవాడలో తీసిన ఫోటోలో, ఆ సిరాగీత కిందే, వెంట్రుకంత చీలిక కనిపించింది. పిండికట్టు వేశారు. కట్టు విప్పేదాకా ఆ బస్సు ఇంకొకరు నడిపారు, అమ్మ పెనుగంచిప్రోలు చేలల్లో మిరపకాయ కోతలకి పోయింది. తిన్నరోజు తిన్నాం, లేనిరోజు సర్దుకున్నాం. చెయ్యి మాత్రం దక్కింది. ముసలితనం వచ్చేదాకా నాన్న బండి నడిపాడు. దింపేసిన క్లీనర్ని మళ్ళీ పిలిచాడో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

తర్వాత నేను వీరులపాడు వైపు బడిలో పంతులమ్మగా చేశాను. సిగ్గుతోనో భయంతోనో దాచేవాళ్ళని నిలదీస్తే ఇంకా లోపలికి ముడుచుకుపోతారని నాకు ఆ గదిలోనే తెలిసింది. ఒకసారి వాచిన మణికట్టుతో ఒక ఆడపిల్ల బడికి వచ్చింది. మెట్ల మీద పడ్డానంది. నేను గద్దించలేదు. పక్కన కూర్చుని, ఎలా పడ్డావో నాకు నేర్పు, నేనూ పడి చూస్తాను అన్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది. ఒక కాలు ముందుకు వేసింది, చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఎన్ని రకాలుగా చూసినా పడటం ఎలాగో దానికి రాలేదు. చివరికి బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని, వాళ్ళింట్లో ఎలా మెలిపెట్టారో చూపించింది. మెల్లగానే తిప్పింది. అయినా ఆ నొప్పి నాకింకా పోలేదు.