బుచ్చిరాజుగారి శుక్రవారం సర్వీసింగ్

బుచ్చిరాజుగారికి కాదనడం రాదు. టైపు వచ్చు, షార్ట్‌హ్యాండ్ వచ్చు, అర్ధగంటలో పాతిక మందికి పులిహోర కలపడం వచ్చు. ఒక్క "కుదరదండి" అన్న మాట మాత్రం ఆయన నోట పలకదు. ఎవరేం అడిగినా "ఆయ్" అనేస్తారు. అడిగేవాళ్లు అడగడం పూర్తి చేయకముందే అనేస్తారు. అలాంటి మనిషిని కంప్యూటర్ ల్యాబ్‌కి ఇన్‌ఛార్జిగా పెడితే ఏమవుతుందో తెలియాలంటే, 2007లో రాజోలు దగ్గర ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీని ఒకసారి చూసి ఉండాల్సింది.

కాకినాడ నుంచి కొత్తగా లెక్చరర్‌గా వచ్చిన సత్యప్రియ మొదటి వారంలోనే చూసింది. సోమవారం పది గంటలకి ల్యాబ్ కావాలంటే "ఆయ్, తప్పకుండానండి" అన్నారు బుచ్చిరాజుగారు. తీరా పిల్లల్ని వెంటేసుకుని వెళ్తే, తలుపు దగ్గర అప్పటికే రెండు క్లాసులు పోట్లాడుకుంటున్నాయి.

"ముగ్గురికీ ఒకే టైము ఇచ్చేరేంటి సార్?"

"ముగ్గురూ అడిగేరు కదండీ," అన్నారాయన, ఇందులో తప్పేమిటో అర్థంకాక.

ఈ ఉద్యోగానికి ముందు ఆయన మలికిపురంలో చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. టైపు మిషను పాపం ఒక్కనాడూ మనిషిని ప్రశ్న అడిగి ఎరగదు. కొడితే అచ్చు వేసేది, కొట్టకపోతే ఊరుకునేది. కంప్యూటరు అలా కాదు. ఇది పెట్టమంటారా, అది దింపుకోమంటారా అని గడియకోసారి అడుగుతూనే ఉంటుంది. ఆయన అన్నిటికీ 'యస్' నొక్కేవారు. దాంతో ఇంటర్నెట్ తెరిస్తే తెరనిండా టూల్‌బార్లే. అసలు పేజీ అడుగున బెత్తెడు జాగాలో సర్దుకు కూర్చునేది. ఒక మిషన్లోకైతే ఎక్కడినుంచో ఆకుపచ్చ చిలకొకటి వచ్చి చేరింది. ఎవరు ఏ ప్రోగ్రామ్ రాసుకుంటున్నా అడ్డంగా ఎగిరి, ఇంగ్లీషులో జోకు చెప్పి, తనే నవ్వేది.

"దీన్నెవరు పెట్టేరు సార్?" అంది సత్యప్రియ తల పట్టుకుని.

"ఎవరూ పెట్టలేదండి. అదే వచ్చింది. ఉండమంటారా అనడిగింది. గుమ్మంలోకి వచ్చినదాన్ని పొమ్మంటే ఏం బాగుంటుందండీ?"

ఈ మర్యాద సంగతి వైరస్‌లకి కూడా తెలిసిపోయినట్టుంది. ఒక్కటొస్తే దాని చుట్టాలందరూ వెనకాలే దిగేవారు. పొద్దున్న మిషన్ ఆన్ చేసి, కాంటీన్‌కి వెళ్లి టీ తాగి, కబుర్లు చెప్పుకుని వచ్చినా అది ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉండేది.

ఇంతటి మెత్తని మనిషికీ ఒక్క విషయంలో పట్టుదల ఉంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ల్యాబ్ తలుపు వేసేసి, 'సర్వీసింగ్ జరుగుచున్నది' అని రాసిన అట్టముక్క తగిలించేవారు. ఏడాది పొడుగునా సర్వీసింగే, ఏడాది పొడుగునా మిషన్లకి మూలుగే. ఏసీ గదిలో ఆయన హాయిగా కునుకు తీస్తున్నారని సత్యప్రియ నిశ్చయించుకుంది. ప్రిన్సిపాల్‌తో ఒకసారి అననే అంది కూడా.

ఆ ఏడాది కాలేజీలో టెక్నికల్ ఫెస్ట్ పెట్టారు. క్విజ్‌లూ పోస్టర్ల పోటీలూ ఎవరైనా పెడతారు, మనం ఈ జబ్బు మిషన్లన్నిటినీ తుడిచేసి, విండోస్ బదులు వైరస్‌ల బెడద లేని లినక్స్ కొత్తగా వేద్దాం, పిల్లల చేతే వేయిద్దాం అంది సత్యప్రియ. కాలేజీ కరస్పాండెంట్‌గారు కొబ్బరి వ్యాపారంలో తల పండిన మనిషి. సరుకు చూడనిదే మాట ఇవ్వరు.

"శుక్రవారం నాలుగింటికి నేనే వచ్చి చూస్తానమ్మా. మిషన్లన్నీ ఆడాలి. ఒక్కటి మూలపడున్నా సరే, ఈ మేళాలు మన కాలేజీలో ఇదే ఆఖరు," అన్నారు.

సత్యప్రియ తిన్నగా ల్యాబ్‌కి వెళ్లింది. "ఈ శుక్రవారం సర్వీసింగ్ వద్దు సార్. ల్యాబ్ మాకిచ్చేయండి."

"ఆయ్," అన్నారు బుచ్చిరాజుగారు. కానీ ఆ ఆయ్ ఎప్పటిలా తన్నుకు రాలేదు. కాస్త ఆగి వచ్చింది. హడావుడిలో సత్యప్రియ అది పట్టించుకోలేదు.

శుక్రవారం ల్యాబ్ పెళ్లివారిల్లులా ఉంది. ఫైనలియర్ వెంకటకృష్ణ హైదరాబాదులో ఇలాంటి మేళా ఒకటి చూసొచ్చాడు కాబట్టి, మెడలో బ్యాడ్జీ, రెండు చేతుల్లో సీడీలు, అందరికీ తనే పెద్ద. బుచ్చిరాజుగారు పొద్దున్నే పులిహోర, బోండాలు సిద్ధం చేసి, పిల్లలతోపాటు మిషన్ల ముందు కూర్చున్నారు. చిత్రమేమిటంటే, ఆయన జబ్బే ఆ పూట మందైంది. ఈ డిస్కంతా చెరిపేయమంటారా అని అడుగుతుంది లినక్స్. ఆయ్. మళ్లీ వెనక్కి రాదు, నిజంగా చెరిపేయమంటారా? ఆయ్.

"ఈ పని కోసమే పుట్టేరు మేడమ్ మా సారు!" అన్నాడు వెంకటకృష్ణ.

మిషన్లు వరసగా తేటపడుతున్నాయి. చిలక కూడా పోయింది. "వెళ్లొస్తానని ఒక్క మాటైనా అనలేదండి," అని బుచ్చిరాజుగారు కాస్త నొచ్చుకున్నారు.

మూడు దాటేసరికి మూలనున్న మిషన్ ఒక్కటే మిగిలింది. వెంకటకృష్ణ సీడీ పట్టుకుని అటు వెళ్లేసరికి, బుచ్చిరాజుగారు గబగబా వచ్చి దానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇది కుదరదండి."

ల్యాబ్‌లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఒక కుర్రాడి చేతిలో బోండా చేతిలోనే ఉండిపోయింది.

"ఏమన్నారు సార్?" అంది సత్యప్రియ, నిజంగానే సరిగ్గా వినపడలేదనుకుని.

"కుదరదండి." అలవాటు లేని మాట కదా, రెండోసారి కూడబలుక్కుని అన్నారు.

"నాలుగింటికి కరస్పాండెంట్‌గారు వస్తారు సార్."

"ఆయ్."

"ఒక్కటి మిగిలినా ఊరుకోనన్నారు."

"ఆయ్."

"మరైతే తప్పుకోండి."

"కుదరదండి."

సత్యప్రియకి కోపం నషాళానికెక్కింది. ఏదో అనబోతుండగా, తలుపు దగ్గర చెప్పులు విప్పుకుని ఒకమ్మాయి లోపలికి తొంగిచూసింది. భుజం మీద నెలల పిల్ల. లోపల ఇంత జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవాళ సర్వీసింగ్ లేదాండి, బాబాయ్‌గారూ?"

బుచ్చిరాజుగారు నేల చూపులు చూశారు. ఇక దాచి లాభం లేదని చెప్పుకొచ్చారు.

"మన అప్పనపల్లి అమ్మాయేనండి, వెంకటదుర్గ. భర్త పెదబాబు కువైట్లో ఉంటాడు. ఈవిడ నీళ్లోసుకున్నాకే వెళ్లేడు. అక్కడ శుక్రవారమే సెలవండి. బయట నెట్ సెంటర్లో కేబిన్లనిండా కుర్రాళ్లు, ఆడపిల్ల ఎలా వెళ్తదండీ? ఓ రోజు బస్టాండులో నన్నడిగింది, మీ కంప్యూటర్లో మా ఆయన కనపడతారా అని. ఆయ్ అన్నానండి."

"మీకు తెలుసా సార్ అప్పటికి, ఎలా చూపించాలో?"

"అబ్బే, తెలీదండి. అనేశాక నేర్చుకున్నాను. ఆ తర్వాత ఈవిడ చెప్పిందని ఇంకొకరొచ్చేరు. వాళ్లు చెప్పేరని మరొకరు. అందరూ అడిగేరు కదండీ."

"ఆ కెమెరా, మాటలూ ఈ ఒక్క మిషన్లోనే సరిగ్గా పనిచేస్తాయండి. పురుడయ్యాక ఈవిడ రావడం ఇదే మొదలు, పెదబాబు పిల్లని ఇంకా చూళ్లేదు. మూడున్నరకి వస్తానన్నాడు. రేపు చెరిపేద్దురుగాని మేడమ్. రేపైతే నేనే నొక్కుతాను, యస్సు."

"ముందే చెప్పొచ్చు కదా సార్!"

"ల్యాబ్ మీరడిగేరు, ఆవిడా అడిగింది. ఇద్దరికీ ఆయ్ అనేశానండి," అన్నారాయన దీనంగా.

ఏసీలో కునుకు అనుకున్నందుకు సత్యప్రియకి సిగ్గేసింది. చెరపమంటారా వద్దా అన్నట్టు వెంకటకృష్ణ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె బీరువా పక్కనున్న 'సర్వీసింగ్' అట్టముక్క తీసి ఆ మిషన్ మానిటర్‌కి తగిలించింది. కుర్చీ లాగి, "కూర్చో అమ్మా" అంది.

మూడున్నరకి పెదబాబు వచ్చాడు. ఒకేసారి రాలేదు. ముందు మీసం వచ్చింది, తర్వాత చెవి, ఆపైన గళ్లచొక్కా. చివరికి మనిషి ఒకచోట కుదురుకున్నాడు. వెంకటదుర్గ పాపని కెమెరా ముందుకి ఎత్తింది. అవతల అతను చాలాసేపు ఏమీ అనలేదు. బొమ్మ ఆగిపోయిందేమో అనుకుని బుచ్చిరాజుగారు వైరు కదిపి చూశారు.

"ముక్కు నాదేనే," అన్నాడు పెదబాబు. అంతలో ఇవతల గుమిగూడిన పిల్లల్ని చూసి, "వెనకాల ఆ జనమంతా ఎవరండీ?" అన్నాడు.

"ఆళ్లా? సర్వీసింగ్‌కి వచ్చేర్లే," అన్నారు బుచ్చిరాజుగారు.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంట్‌గారు లోపలికి వచ్చారు. నాలుగు కాకుండానే వచ్చేశారు. వరసగా మిషన్లు చూసుకుంటూ వచ్చి, మూలన అట్టముక్క చూసి కనుబొమలు ముడిచారు. "ఇదేంటమ్మా, ఇది ఆగిపోయిందా?"

సత్యప్రియ నోరు తెరిచేలోగా తెరలోంచి పెదబాబు, తెల్లచొక్కా పెద్దమనిషిని చూసి చేతులు జోడించాడు. "నమస్కారమండి!"

కరస్పాండెంట్‌గారి చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "ఆయ్, నమస్కారం. ఏ ఊరబ్బాయ్ మనది?"

"అప్పనపల్లండి."

"అప్పనపల్లిలో ఎవరి తాలూకు?"

అంతే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పెదబాబు తాతగారితో ఆయనకి కొబ్బరికాయల బేరాలున్నాయని తేలింది. కువైట్లో కాయ రేటెంతో కనుక్కున్నారు. పాపకి ఏం పేరు పెడుతున్నారో అడిగారు. వెళ్తూ వెళ్తూ సత్యప్రియతో అన్నారు:

"మీ లినక్సు చాలా బాగుందమ్మా. ఏకంగా కువైట్ కనపడతంది! వచ్చే ఏడు కూడా పెట్టండి మేళా."

లినక్స్ వేయని మిషన్ అదొక్కటే. ఆ ముక్క సత్యప్రియ నోటిదాకా వచ్చింది. బుచ్చిరాజుగారి వైపు చూసింది.

"ఆయ్, తప్పకుండానండి," అంది.

మర్నాడు వెంకటకృష్ణ తీరిగ్గా కూర్చుని, మూల మిషన్లో పాతదాన్ని ఉంచుతూనే పక్కన జాగా చేసి కొత్తదాన్నీ వేశాడు. ఇద్దరికీ ఆయ్ అనగల మిషన్ దొరికినందుకు బుచ్చిరాజుగారు పొంగిపోయారు. కానీ ఓ చిక్కొచ్చిపడింది. పొద్దున్న ఆన్ చేయగానే, పాతదా, కొత్తదా, ఏది కావాలి అని అడుగుతుందది. ఆయ్ అంటే సరిపోని ప్రశ్న ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. చేతులు కట్టుకుని, "మీ ఇష్టమండి" అని నిలబడేవారు. అది కాసేపు చూసి, చూసి, తనే ఏదో ఒకటి తెరుచుకునేది.

శుక్రవారం మధ్యాహ్నం మాత్రం తడుముకోకుండా ఆయనే పాతది నొక్కేవారు. బయట అట్టముక్క సత్యప్రియ తగిలించేది.