కిందికి దించిన కారులో పెళ్లిచూపులు

ఆనాటి డైరీలో రాసుకున్న క్రమంలోనే చెబుతాను. ముందు కారు సంగతి.

మా మామ దగ్గర ఒక పాత రెండు సీట్ల కారు ఉండేది. దేశం విడిచి పోతున్న ఒక దొర దగ్గర కొన్నది. ఒక పత్రికలో వచ్చిన పరుగుపందెం కారు బొమ్మ మామ బుర్రను పాడుచేసింది. ఆ కారు బల్లిలా నేలను కరుచుకుని ఉంది. వెంటనే మామ తన కారుకున్న కమాను కట్టలు, అంటే చక్రాల మీద బండిని మోసే పట్టీల స్ప్రింగులు, విప్పించాడు. మద్రాసులో ఎవరో ప్రత్యేకంగా చేసి అమ్ముతున్న కారును కిందికి దించే చదునైన కట్టలు తెప్పించాడు. ఆదోనిలో జీపులు బాగుచేసే సాయిబు వాటిని బిగించి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, “రోడ్డు గూడా మద్రాసు నుంచే తెప్పిస్తాండావా అన్నా?” అని అడిగాడు.

మామ పొట్టి మనిషి. దించిన కారు పక్కన నిలబడితే కాస్త పొడుగ్గా కనపడేవాడు. అసలు కారణం అదేనని అవ్వ, అంటే మామ తల్లి, అందరికీ చెప్పేది.

ఆ వారమే పెళ్లిచూపులకు రమ్మని ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చింది. పిల్ల నేతబట్టల వ్యాపారి కూతురు. అంతకుముందు ఆదోనిలో ఒక పెళ్లిలో ఆమెను చూసి, చేసుకుంటే ఈ పిల్లనే అని మామ అన్నం మానేసి కూర్చున్నాడు. పిల్ల తండ్రికి మాత్రం కార్లలో తిరిగే కుర్రాళ్లంటే నమ్మకం లేదు. రాహుకాలం రాకముందే ఇంట్లో అడుగు పెట్టాలన్నాడు.

మామ, అవ్వ, నేను బయలుదేరాం. మంచిపనికి ముగ్గురు పోకూడదు; పోవలసివస్తే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంట తీసుకుపోవడం మా వైపు వాడుక. అందరూ గులకరాయి జేబులో వేసుకుంటారు. గులకరాయి మనిషెట్లా అవుతుందని అవ్వ రుబ్బురోటి గుండు తెప్పించింది. సీట్ల వెనక సామాన్ల చోటులో నేను, నా ఒళ్లో గుండు.

ఆదోని దాటాక, పత్తి బండ్లు తిరిగి తిరిగి రోడ్డు మీద లోతైన గాడులు పడి ఉన్నాయి. నడుమ మట్టి గట్టులా లేచింది. చక్రాలు గాడుల్లోకి దిగాయి, కారు పొట్ట గట్టు మీద కూర్చుంది. ఇంక కదల్లేదు.

మామ ముందు గుండును దించమన్నాడు.

“గుండు దిగితే ముగ్గురమైతాం,” అంది అవ్వ.

అయితే నన్ను దిగి నడవమన్నాడు. అప్పుడైనా గుండుతో కలిపి ముగ్గురే కదా అంది అవ్వ. ఆ లెక్క తప్పని మేమిద్దరం నిరూపించలేకపోయాం.

అంతలో ఆదోనిలో పత్తి దించి ఖాళీగా తిరిగిపోతున్న ఎద్దులబండి ఒకటి వచ్చింది. బండాయన కారును మోకుతో తన బండికి కట్టాడు. ఆయనతో నలుగురమైనాం, ఇంక గుండెందుకని మామ చివరి ప్రయత్నం చేశాడు.

“ఆయప్ప మన తట్టు మనిషి గాదు,” అని అవ్వ కొట్టిపారేసింది.

దారి పొడుగునా గాడులే కాబట్టి ఎద్దులు కారును ఎమ్మిగనూరు దాకా లాక్కుపోయాయి. బస్సు ఎదురైనప్పుడల్లా మామ వంగి కాలికింద ఏదో వెతుక్కునేవాడు.

పిల్ల ఇంటి ముందుకు చేరేసరికి రాహుకాలం రానే వచ్చింది. అది పోయేదాకా అవ్వ ఎవరినీ కారు దిగనివ్వలేదు. వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నేసేవాళ్లంతా బయటికొచ్చి మమ్మల్ని చూస్తున్నారు. పిల్ల తండ్రి మజ్జిగ తెచ్చాడు. మాకు అందించడానికి సగానికి వంగవలసి వచ్చింది. ఆయన మొహంలో నవ్వు లేదు. సంబంధం పోయిందనే అనుకున్నాను.

అప్పుడు తలుపు చాటునుంచి పిల్ల గొంతు, వీధికంతా వినపడేటట్టు, “అమ్మా, ఆ కారు ఎక్కల్లా, దిగల్లా?” అని అడిగింది.

వీధంతా నవ్వింది. ఆడపిల్లల ముందు మాట పెగలని మామ తల ఎత్తి, “దిగల్ల. లేసేటప్పుడు నేను చెయ్యిస్తా,” అన్నాడు.

పిల్ల తండ్రి పైగుడ్డతో మూతి తుడుచుకుంటూ నవ్వు దాచుకున్నాడు. తర్వాత అవ్వ వైపు వంగి, తాంబూలాలకు మంచిరోజు ఎప్పుడుందని అడిగాడు. రాహుకాలంలో ఆ మాట ఎత్తొద్దని అవ్వ ఆయన నోరు గూడా మూయించింది. ఆయన గడప ముందు చతికిలబడి మాతోపాటు కాచుకున్నాడు.