గోడ దిగిన జంపఖానా

ఆ రోజుల్లో, అంటే ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల్లో, వరంగల్ మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళం ఇద్దరమే: కాలేజీ ప్రిన్సిపాలు, నేను. (ప్రిన్సిపాలుది కాస్త తక్కువని జనం అనుకునేవారు.) నా ఇంగ్లీషు విందామని కాజీపేటలో ఢిల్లీ రైలు కూడా ఇంకాసేపు ఆగేది. అంతటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం కొత్తవాడలో, ఆసరా లేని ఆడవాళ్ళకు జంపఖానాల నేత నేర్పే కేంద్రంలో గుమస్తాగిరీ. వాళ్ళు నేసినవాటిని తన దేశంలో న్యాయమైన ధరకు అమ్మిపెడతానన్న దొరసాని ఒకామె స్వయంగా చూడటానికి వస్తోందన్నారు. నచ్చితే ఆర్డరు, నచ్చకపోతే కేంద్రానికి తాళం. "మగ్గం బందయితె నేను మల్ల కంకర గొట్ట పోవాలె పిల్లా" అంది, అక్కడ నేసేవాళ్ళందరిలోకీ పెద్దదైన పెద్దక్క. మొగుడు వదిలేసిపోయాక ఆమెకు నీడపట్టున దొరికిన మొదటి పని ఆ నేతే.

ఆ దేశంలో వీటిని గోడకు తగిలిస్తారని విని, కేంద్రం నడిపే మా మేడమ్ అన్నింటినీ మేకులు కొట్టి వేలాడదీయించింది. పెద్దక్క బిత్తరపోయింది. "గోడకా? సుట్టాలొస్తె ఏం పరుస్తరు? కూసునేటోళ్ళే లేరా పాపం?"

దొరసాని వచ్చింది. భారీ మనిషి, ఎండకు టమాటాలా కందిపోయింది. ఒక్కో జంపఖానానూ చూస్తూ గోడల వెంట నడుస్తోంది. ఆమె నుదురు తుడుచుకోగానే పెద్దక్క ఇక ఆగలేదు. "ఇంటికొచ్చిన మనిషిని నిలవెట్టి గోడలు సూపిస్తరా?" అంటూ ఎర్రచారల జంపఖానాను మేకులతో సహా ఊడబీకి కింద పరిచింది. "కూసో దొరసానమ్మా, జర కూసో!" మేడమ్ కళ్ళు మూసుకుంది. దొరసాని కూర్చుంది.

"ఇంట్ల మనుషులు లేరా అని అడుగు" అంటూ పెద్దక్క నన్ను పొడిచింది. సరిగ్గా అప్పుడే నా ఇంగ్లీషంతా ఢిల్లీ రైలెక్కి వెళ్ళిపోయింది. "యువర్ హౌస్... నో పీపుల్?" అన్నాను. దొరసాని ఎర్రచారలను వేళ్ళతో నిమిరి, "నో పీపుల్" అంది మెల్లగా. అది పెద్దక్కకు నేను చెప్పక్కర్లేకపోయింది. వెళ్ళి పక్కనే చతికిలబడింది. మేమందరం కూడా కూర్చున్నాం, చాయ్ వచ్చింది.

చివరికి దొరసాని లేవబోతే మోకాళ్ళు ఒప్పుకోలేదు. నలుగురం పట్టి ఎత్తాం. (అప్పుడు ఖిలాలో రాతి తోరణాలు కూడా ఓసారి అదిరాయి.) కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, ఆర్డరు ఇచ్చింది. అన్నీ పెద్దవే కావాలంది, నేలమీద పరిచేవి.

పెద్దక్క ఆ మగ్గం మీదే జుట్టు నెరిపించుకుంది. ఆమె నేసిచ్చిన జంపఖానా ఒకటి నా దగ్గరుంది. సోఫా కొన్నాక నేనూ దాన్ని గోడకే తగిలించాను. మొన్న ఇంట్లోవాళ్ళు బజారుకు పోయినప్పుడు, ఎందుకో ఉండబట్టలేక దించి పరుచుకుని నడిమధ్య దర్జాగా కూర్చున్నాను. లేవబోతే మోకాళ్ళు రామన్నాయి. ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. పక్కన చోటు చాలానే ఉంది.