నలభై అయిదు మీటర్ల పిలుపు

మా వెనక పోర్షన్లో ఉండే శ్రీరామ్మూర్తి గొంతు ఎలాంటిదో కూర్మన్నపాలెంలో మా వీధి మొత్తానికీ తెలుసు. కూరల బండి వీధి మలుపు తిరిగిపోయాక కూడా మా మెట్ల మీంచి ఒక్క కేక వేస్తే బండి వెనక్కొచ్చేది. "నీ గొంతు పాడుగానూ, నా చెవిలో పురుగులు చచ్చాయిరా" అని నేను తిడితే నవ్వేవాడు. గజపతినగరం అవతల వాళ్ల జొన్న చేలో పిట్టల్ని తోలి తోలి పెరిగిన గొంతది. చేను నీళ్లు లేక ఎండాక పట్నం వచ్చి పరంజా పనిలో చేరాడు. ఎత్తు కట్టడాల చుట్టూ ఇనప గొట్టాలు బిగించి, వాటి మీద చెక్కలు పరిచి, పనివాళ్లు నిలబడ్డానికి చోటు చేసే పని. పైన గాలి, కింద మిషన్ల రొద. ఆ పనిలో చేతులెంతో గొంతూ అంతే. శ్రీరామ్మూర్తి పైనుంటే కిందవాళ్లకి ఫోను అక్కర్లేదనేవారు.

వాణ్ణి ఆ పనిలో పెట్టింది ఫారూఖ్. పట్నంలో పాత ఊళ్లో ఉండేవాడు, వెల్డింగు చేసేవాడు. తండ్రి లేడు, తల్లి రసూల్ బీ గాజుల కొట్టు నడుపుతుంది. మా గేటు కీలు ఊడిపోతే వచ్చి అతికింది ఫారూఖే. పైన కమ్మీ ఒకటి వంచి కమాను కూడా పెట్టాడు, నేను అడక్కుండానే. అన్నం పెడితే, "పిన్నీ, పప్పులో ఉప్పెయ్యడం మర్చిపోయినట్టున్నావ్, వెల్డింగు రాడ్డు ముంచమంటావా?" అన్నాడు. అలాంటి మనిషి. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు బావా అనే పిలుచుకునేవారు. పేర్లు వాడగా నేనెప్పుడూ వినలేదు.

పనిలో చేరిన మొదటి రోజే ఫారూఖ్ వీడికో మాట నేర్పాడట. వీడు ఆ తర్వాత కొత్తగా చేరిన ప్రతివాడికీ అదే నేర్పేవాడు. మా అరుగు మీద కూర్చుని ఒకడికి చెప్తుంటే నేనూ విన్నాను.

"పైనుంచి ఏదన్నా జారితే పేరెట్టి పిలవకు. వరసెట్టీ పిలవకు. 'గోడా' అని అరువు, అంతే. పిలిస్తే మనిషి ఆగుతాడు, పైకి సూత్తాడు. గోడా అంటే బుర్రొంచుకుని గోడకి అతుక్కుపోతాడు."

పోర్టు వైపు ఎవరిదో కొత్తగా కడుతున్నారు, ధాన్యం నిలవుంచే పొడుగాటి గుండ్రటి కొట్టు. సైలో అంటారట. దాని నెత్తి మీద, పరంజా ఆఖరి వరసలో శ్రీరామ్మూర్తి బోల్టు బిగిస్తున్నాడు. పానాని తాడుతో నడుముకి కట్టుకోవాలి. తాడు చాలక బోల్టు అందలేదు. ఒక్క బోల్టే కదా అని తాడు విప్పాడు. పానా చెయ్యి జారింది.

కింద ఫారూఖ్ వెల్డింగు రాడ్లు ఏరుకుంటున్నాడు. వీడు గుండెలు పగిలేలా అరిచాడు. నోట్లోంచి వచ్చింది గోడా కాదు. "బావా!"

ఆ గొంతు ఫారూఖ్‌కి చేరకపోవడమేం? ఆగాడు. పైకి చూశాడు. హెల్మెట్టు నెత్తినే ఉంది. పైకెత్తిన మొహానికి హెల్మెట్టు ఏం అడ్డు?

ఆ తర్వాత శ్రీరామ్మూర్తి మళ్లీ పరంజా ఎక్కలేదు. మెట్ల కింద కూర్చుని గేటు వంక చూస్తుండేవాడు. వాడి పెళ్లాం పుష్ప సీతమ్మధారలో ఒక డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది, వేళకి బస్సెక్కాలి. అన్నం మూత పెట్టి వెళ్తే సాయంత్రానికి అలాగే ఉండేది. వీధిలో ప్రతివాళ్లూ వచ్చి ఒకే మాట చెప్పేవారు. నేనూ అదే చెప్పాను. "రెప్పపాటులో అయిపోయిందిరా. నువ్వు అరిచినా, అరవకపోయినా, ఏమని అరిచినా ఒకటే." ఆ మాట వాడు నీళ్లు తాగినట్టు తాగేవాడు. మళ్లీ కాసేపటికి, "అంతేనంటావా పిన్నీ? రెప్పపాటేనా?" అని అడిగేవాడు.

అంతలో రసూల్ బీ కబురు పెట్టింది. నలభయ్యో రోజు ఫాతిహాకి, పోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకి, రమ్మంది. నా కొడుకెలా పోయాడో ఎవరూ చెప్పట్లేదు, వాడి దోస్తు నోట వినాలి అంది.

ఇక చూడండి, వాడికి తిండీ లేదు, కునుకూ లేదు. "పిన్నీ, రెప్పపాటు అని ఆయమ్మకి సెప్తే అది నిజం అవ్వాల. నాకే నిజమో కాదో తెలీకుండా ఎలా సెప్పీది?"

మా మేడ మీద గదిలో ఆశాజ్యోతి అద్దెకుంటుంది. ఇంటర్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తుంది. నాకు ఏదన్నా తెలీకపోతే నిద్ర పట్టదు కాబట్టి ఆ పిల్లని రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాను. బోర్డు మీద గీతలేంటి, ఆ బుల్లి రెండు అంకె పైకెందుకెక్కింది, ఇవన్నీ. ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక శ్రీరామ్మూర్తి మెట్లెక్కడం చూశాను. వెంటనే గిన్నెలో ఇంత వంకాయ కూర వేసుకుని నేనూ ఎక్కాను.

"టీచరమ్మా, నలభై అయిదు మీటర్ల ఎత్తు నుంచి ఒక వస్తువు పడితే కిందకి రాడానికి ఎంతసేపు?" అని అడిగాడు.

ఆ పిల్ల కిందటి వారమే దిగింది. ఈ సంగతులేవీ తెలీవు. లెక్క అడిగాడని మొహం వెలిగిపోయింది. "అబ్బ, మా పిల్లలు ఒక్కరూ ఇలా అడగరు అంకుల్!" అని బోర్డు తుడిచింది.

ఎత్తు ఈక్వల్స్ నలభై అయిదు, మైనస్ అయిదు ఇంటూ సెకన్ల వర్గం అని రాసింది. వర్గం అంటే ఆ అంకెని అదే అంకెతో గుణించడమట. సరిగ్గా అయిదు కాదు, సుమారుగా అంది. గీత కూడా గీసింది. మొదట్లో కదలాలా వద్దా అన్నట్టు దాదాపు అడ్డంగా బయల్దేరి, పోనుపోను ఒంగి, ఆఖర్న నిట్టనిలువుగా నేల మీద పడే గీత. మా గేటు పైన ఫారూఖ్ వంచిన కమ్మీలో సగంలా ఉంది. నాకెందుకో అది నచ్చలేదు.

"పానా బరువెంతో నువ్వడగలేదే?" అన్నాను.

"బరువుతో పని లేదు మామ్మగారూ. గాలి సంగతి పక్కన పెడితే పానా అయినా గులకరాయైనా ఒకేలా పడతాయి." మళ్లీ వాడి వైపు తిరిగి, "ఎత్తు సున్నా అవ్వాలి కదా అంకుల్. అయిదు ఇంటూ తొమ్మిది నలభై అయిదు. తొమ్మిదంటే మూడు మూళ్లు. మూడు సెకన్లు!" అంది.

"మూడా?" అన్నాడు వాడు. "ఒకటి కాదా?"

"మూడే."

"ఒక సెకనుకి ఎంత దిగుద్ది?"

"అయిదు మీటర్లే. ఇంకా నలభై పైనుంటుంది. రెండో సెకనుకి ఇరవై అయిదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అదే ఇందులో తమాషా అంకుల్. అందరూ సమానంగా పడుతుందనుకుంటారు. మొదట నింపాదిగా ఉంటుంది, దూరమంతా ఆఖర్నే."

శ్రీరామ్మూర్తి గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు. "నాను తేరుకుని అరిచీసరికి అది నా కింద పలక దాటింది. పలకకీ పలకకీ మధ్య అయిదు మీటర్లు. అప్పటికే సగం పోయిందనుకున్నాను టీచరమ్మా. ఇంక అవ్వదు అనుకున్నాను." బోర్డు వంకే చూస్తున్నాడు. "అయితే ఇంకా రెండు సెకన్లు ఉందేటి?"

అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. చేతిలో డస్టరు అలాగే ఉండిపోయింది. నా వంక చూసింది. నేను కూర గిన్నె వంక చూశాను.

"అంకుల్, ఇవి పుస్తకంలో లెక్కలు... నిజంలో గాలుంటుంది, మనిషి విని కదలడానికి టైము..."

"లెక్క తప్పేటి?"

"తప్పు కాదు అంకుల్."

"గోడ రెండడుగుల దూరంలోనే ఉంది. నాను గోడా అనుంటే రెండడుగులు ఎయ్యగలడా?"

ఆ పిల్ల డస్టరు కింద పెట్టింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. వాడు లేచి, "ఏడవకమ్మా, అడిగింది నానే కదా" అని నెమ్మదిగా దిగిపోయాడు.

మర్నాడు నేను ఆ పిల్లని వదిలానా? "ఒక్క ముక్క తగ్గించి చెప్తే నీ సొమ్మేం పోయేదే? ఒకటే సెకను అంటే వాడు బతికిపోయేవాడు కదే!"

"తెలిసుంటే చెప్పేదాన్నేమో మామ్మగారూ. ఇప్పుడు వెళ్లి మార్చి చెప్తే నమ్ముతారా?"

ఆ లెక్కని నేనే అబద్ధం చేద్దామని చూశాను. మూడు సెకన్లంటే ఎంతలే, ఏమీ కాదు అని నాకు నేను చూపించుకుందామని కుళాయి దగ్గర నిలబడ్డాను. పైన పిట్టగోడ మీంచి లెక్కపెట్టమంటే ఆశాజ్యోతి, మొదటి సెకను వాడు తేరుకోడానికే పోయిందనుకుందాం అని, గట్టిగా ఒకటి అంది. అప్పుడు నడిచాను. రెండు, మూడు అనేలోపు నాలుగడుగులు దాటి మెట్ల దగ్గరున్నాను. ఈ మోకాళ్లతో. ఆ పిల్ల పిట్టగోడ మీంచి తల వెనక్కి తీసేసుకుంది.

ఫాతిహా రోజు నేను వాడితో పాత ఊరు వెళ్లాను. ఒక్కణ్ణీ పంపడానికి మనసొప్పలేదు. దారిలో బస్సులో వాడి చెవిలో నూరిపోశాను. "రెప్పపాటు అను. ఆ తల్లి దాంతో పడుకుంటుంది. మూడూ వద్దు, రెండూ వద్దు." సరేనన్నట్టు తలూపాడు.

రసూల్ బీ గాజుల కొట్టు వెనక గదిలో చాప మీద కూర్చుంది. పక్కన అగరొత్తులు, ఖర్జూరాలు. "రా బేటా. తిన్నావా?" అంది. వాడు చాప అంచున కూర్చున్నాడు. "చెప్పు. నా బిడ్డకి తెలిసిందా, తెలీకుండా పోయాడా?"

నేను మోచేత్తో పొడిచాను. వాడు నా వంక చూడలేదు.

"టైముంది అమ్మా" అన్నాడు. "మూడు సెకన్లు. నాను గోడా అని అరవాల. ఫారూఖే నాకు నేర్పాడు. నాను బావా అనేశాను."

"విన్నాడా?"

"ఇన్నాడు. ఆగి పైకి సూశాడు."

"నిన్ను చూశాడా?"

"సూశాడమ్మా. ఏదో పనికి పిలిచాననుకున్నాడు. నవ్వాడు."

రసూల్ బీ చేతిలో జపమాల ఆగిపోయింది. కొట్టులో ఎవరో గాజుల సైజు అడుగుతున్నారు, ఆమె లేవలేదు. తిడితే బాగుండేది, కొట్టినా బాగుండేది. చివరికి, "నువ్వు పిలిస్తే వాడెప్పుడూ ఆగేవాడే" అంది. "అన్నం తింటూ తింటూ చెయ్యి కడుక్కోకుండా వచ్చేవాడు."

అంతే. మా ఇద్దరికీ పళ్లెంలో స్వీటు పెట్టించింది. వాడు తినలేదు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "బేటా, మళ్లీ రాకు. నీ గొంతు వింటే నేను ఉండలేను" అంది. మెత్తగానే అంది. తిరుగు బస్సులో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను కదిలించలేదు, నాకది తేలిక కాదని మా వీధిలో అందరికీ తెలుసు.

ఇప్పుడు శ్రీరామ్మూర్తి ఒక గోడౌను గేటు దగ్గర కాపలా. నేల మీద పని. కూరల బండి మలుపు తిరిగిపోతే తిరిగిపోయినట్టే. ఎవరితోనైనా పనుంటే వాళ్ల దగ్గరదాకా నడిచి వెళ్లి, ఎదురుగా నిలబడి, వాళ్లు చూసేదాకా ఆగుతాడు.

మొన్న పొద్దున్న పుష్ప టిఫిను క్యారియరు అరుగు మీద మర్చిపోయి వెళ్లింది. వాడు చూసి పట్టుకుని పరుగెత్తాడు. నేను గేటు పట్టుకుని చూస్తున్నాను. పుష్ప ఇంకా బస్సెక్కలేదు, వీధి చివరే ఉంది, వీపు ఇటు. ఒక్క కేక చాలు. వాడి నోరు తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది. ఇంకా గట్టిగా పరుగెత్తాడు. బస్సొచ్చింది, పుష్ప ఎక్కింది, వెళ్లిపోయింది.

రొప్పుతూ వెనక్కొచ్చాడు.

"పిలిస్తే ఆగేది కదరా" అనబోయాను. వాడు క్యారియరు అరుగు మీద పెట్టి, గేటు కీలు చప్పుడు చెయ్యకుండా నెమ్మదిగా వేసి, లోపలికి వెళ్లిపోయాడు.